ముఖ కండరాలు - ఫేస్‌లిఫ్ట్ శస్త్రచికిత్స

ముఖ కండరాలు మానవుని ముఖచర్మానికి కదలికను, తద్వారా ముఖానికి భావప్రకటన శక్తిని కలిగించే పలుచని కండరాల సముదాయం. వీటిని భావప్రకటన కండరాలు అని కూడా అంటారు. వయసు పైబడి జారిన చెక్కిళ్ళను, దవడ అంచును, మెడను సవరించే శస్త్రచికిత్సకు ఫేస్‌లిఫ్ట్ అని పేరు. వైద్య పరిభాషలో దీనిని రిటిడెక్టమీ అంటారు. గ్రీకు భాషలో 'రిటిస్' అనగా ముడత, 'ఎక్టమీ' అనగా కోసి తీసివేయటం.

ఫేస్‌లిఫ్ట్ అంటే ముఖ కండరాలను లాగి బిగించటమేనని సాధారణంగా అనుకుంటారు. ఇది పూర్తిగా సరికాదు. మెడలోని ప్లాటిస్మా కండరాన్ని మినహాయిస్తే, ఈ చికిత్సలో భావప్రకటన కండరాలను చాలావరకు వాటి స్థానంలోనే ఉంచి, వాటితో ముడిపడిన పలుచని పొరను పైకి జరుపుతారు. ఆ పొర కిందనే ముఖనాడి శాఖలు ఉంటాయి. కనుక ఈ శస్త్రచికిత్స ఫలితమూ, దానిలోని ప్రమాదమూ రెండూ ముఖ కండరాల నిర్మాణంపైనే ఆధారపడి ఉన్నాయి.

ముఖ కండరాల ప్రత్యేకత

శరీరంలోని అస్థి కండరాలలో అధికభాగం ఒక ఎముక వద్ద మొదలై మరొక ఎముక వద్ద ముగుస్తాయి. అవి సంకోచించినప్పుడు కీలు కదులుతుంది. ముఖ కండరాలు అలా కాక, సాధారణంగా పుర్రె ఎముక వద్ద మొదలై చర్మంలో ముగుస్తాయి. నుదుటి కండరం వంటి కొన్నింటికి ఎముకతో సంబంధమే ఉండదు. అందుచేత ఇవి సంకోచించినప్పుడు కీలు కాక చర్మం కదులుతుంది. కనుబొమలు ముడిపడటం, పెదవి విరవటం, చిరునవ్వు చిందించటం ఇవన్నీ ఈ చర్మపు కదలికలే.

ఈగ వాలినప్పుడు ఆవు, గుర్రం తమ చర్మాన్ని జలదరింపజేయటం అందరూ చూసిందే. చాలా క్షీరదాలలో చర్మం కింద విశాలంగా పరచుకొని ఉన్న కండరపు పొర వలన ఇది సాధ్యమవుతుంది. మానవులలో అటువంటి పొర శరీరమంతటా లేదు. మెడలోని ప్లాటిస్మా కండరాన్ని దాని అవశేషంగా శరీరనిర్మాణ శాస్త్రజ్ఞులు భావిస్తారు.

పిండదశలో ముఖ కండరాలన్నీ రెండవ గ్రసని చాపం నుండి పుట్టి, తమ నాడిని వెంటబెట్టుకొని ముఖంపైకి వ్యాపిస్తాయి. అందువలననే ఇవన్నీ ఏడవ కపాలనాడి అయిన ముఖనాడి అధీనంలో ఉంటాయి. ఆహారాన్ని నమిలే కండరాలు ముఖంలోనే ఉన్నా ఈ వర్గానికి చెందవు. అవి మొదటి చాపం నుండి పుట్టి ఐదవ కపాలనాడి అధీనంలో పనిచేస్తాయి. ముఖ పక్షవాతం వచ్చిన వ్యక్తి నవ్వలేకపోయినా దవడలు బిగించి నమలగలగటానికి, చెంపపై స్పర్శ తెలియటానికి కారణం ఇదే.

ముఖ్యమైన కండరాలు

ముఖానికి ఒక్కొక్క వైపు దాదాపు ఇరవై భావప్రకటన కండరాలు ఉన్నాయి. లెక్కించే పద్ధతిని బట్టి ఈ సంఖ్య కొంత మారుతుంది. వాటిలో ముఖ్యమైనవి:

* ఫ్రాంటాలిస్: నుదుటిపై నిలువుగా ఉంటుంది. కనుబొమలను పైకెత్తుతుంది. నుదుటిపై అడ్డముడతలకు ఇదే కారణం.
* కారుగేటర్: కనుబొమల లోపలి కొనల వద్ద ఉంటుంది. బొమలను దగ్గరకు లాగి వాటి మధ్య నిలువు ముడతలను కలిగిస్తుంది.
* ప్రొసీరస్: ముక్కుదూలం మొదట్లో ఉండే చిన్న కండరం. బొమల మధ్య చర్మాన్ని కిందికి దించుతుంది.
* ఆర్బిక్యులారిస్ ఆక్యులై: కంటి చుట్టూ వలయాకారంలో ఉంటుంది. కన్ను మూయటం దీని పని. కంటి రక్షణకు ఇది అత్యంత అవసరం.
* జైగోమాటికస్ మేజర్: చెంప ఎముక నుండి నోటి మూలకు ఏటవాలుగా సాగుతుంది. నవ్వినప్పుడు నోటి మూలను పైకి, వెలుపలికి లాగుతుంది. ఫేస్‌లిఫ్ట్ చేసే శస్త్రవైద్యునికి ఇదొక ముఖ్యమైన కొండగుర్తు.
* లెవేటర్ లేబియై సుపీరియారిస్: పై పెదవిని ఎత్తుతుంది.
* ఆర్బిక్యులారిస్ ఆరిస్: నోటి చుట్టూ ఉండే కండరం. పెదవులు మూయటానికి, ప, బ, మ వంటి ఓష్ఠ్యాలు పలకటానికి తోడ్పడుతుంది.
* బక్సినేటర్: బుగ్గ లోతట్టున ఉంటుంది. లాటిన్ భాషలో దీని పేరుకు బూర ఊదేవాడని అర్థం. నమిలేటప్పుడు ఆహారం బుగ్గలో చేరకుండా పళ్ళ మధ్యకు నెడుతుంది.
* డిప్రెసర్ ఆంగ్యులై ఆరిస్: నోటి మూలను కిందికి లాగుతుంది. విచారాన్ని తెలిపే కండరం.
* మెంటాలిస్: గడ్డంపై చర్మాన్ని ముడిచి కింది పెదవిని పైకి నెడుతుంది.
* ప్లాటిస్మా: రొమ్ము పైభాగం నుండి మెడ మీదుగా కింది దవడ వరకు పరచుకొని ఉన్న పలుచని వెడల్పాటి కండరం.

ముడత ఎప్పుడూ కండర తంతువులకు అడ్డంగా ఏర్పడుతుంది. నుదుటి కండరం నిలువు కనుక ముడతలు అడ్డంగా వస్తాయి. కంటి కండరం వలయాకారం కనుక కంటి చివర ముడతలు కిరణాలవలె విచ్చుకుంటాయి.

భరతుని నాట్యశాస్త్రం ముఖంలోని ఉపాంగాల కదలికలను వేరువేరుగా వర్గీకరించింది. కనుబొమలకు ఏడు, ముక్కుకు ఆరు, చెక్కిళ్ళకు ఆరు, కింది పెదవికి ఆరు, గడ్డానికి ఏడు విధాల కదలికలను పేర్కొన్నది. కూచిపూడి మొదలైన నృత్యరీతులలోని ముఖాభినయం ఈ కండరాలను విడివిడిగా అదుపు చేసే సాధనపై ఆధారపడినదే. ఆధునిక కాలంలో ఫ్రెంచి వైద్యుడు డ్యుషేన్ ముఖ కండరాలను విద్యుత్తుతో ఒక్కొక్కటిగా ప్రేరేపించి, ఆ ఛాయాచిత్రాలతో 1862లో గ్రంథం ప్రకటించాడు. మనఃపూర్వకమైన నవ్వులో నోటితోపాటు కంటి చుట్టూ ఉన్న కండరం కూడా పాల్గొంటుందని ఆయన గుర్తించాడు. ఛార్లెస్ డార్విన్ 1872లో వెలువరించిన భావప్రకటన గ్రంథంలో డ్యుషేన్ ఛాయాచిత్రాలను వాడుకున్నాడు.

ముఖనాడి

ముఖనాడి చెవి వెనుక పుర్రె అడుగుభాగంలోని ఒక చిన్న రంధ్రం నుండి వెలుపలికి వచ్చి, చెవి ముందున్న పెరోటిడ్ లాలాజల గ్రంథిలోకి ప్రవేశిస్తుంది. గవదబిళ్ళల వ్యాధిలో వాచేది ఈ గ్రంథే. గ్రంథి లోపల నాడి చీలి ఐదు ప్రధాన శాఖలుగా వెలువడుతుంది:

* టెంపొరల్ (కణత) శాఖ: నుదురు, కనుబొమలు
* జైగోమాటిక్ (చెంప ఎముక) శాఖ: కంటి చుట్టూ ఉన్న కండరం
* బక్కల్ (బుగ్గ) శాఖ: పై పెదవి, బుగ్గ, ముక్కు
* మార్జినల్ మాండిబ్యులార్ (దవడ అంచు) శాఖ: కింది పెదవి, గడ్డం
* సర్వైకల్ (మెడ) శాఖ: ప్లాటిస్మా కండరం

గ్రంథి లోపల ఉన్నంతవరకు నాడికి మంచి రక్షణ ఉంటుంది. గ్రంథి ముందు అంచు దాటిన తరువాత శాఖలు క్రమంగా పైకి తేలుతాయి. అధికభాగం ముఖ కండరాలకు నాడి లోపలి వైపు నుండి అందుతుంది. బక్సినేటర్, మెంటాలిస్, నోటి మూలను ఎత్తే లెవేటర్ ఆంగ్యులై ఆరిస్ అనే మూడు లోతైన కండరాలకు మాత్రం పైవైపు నుండి అందుతుంది. ఫేస్‌లిఫ్ట్‌కు సంబంధించి ఇది కీలకమైన విషయం. జైగోమాటికస్ వంటి కండరం పైతలం మీదుగా సాగినంతవరకు కత్తికి, నాడికి మధ్య ఆ కండరమే అడ్డుగా నిలుస్తుంది.

బక్కల్, జైగోమాటిక్ శాఖల మధ్య పరస్పర అనుసంధానాలు ఎక్కువ. అందువలన వాటిలో ఒక చిన్న కొమ్మ తెగినా సాధారణంగా ఇతర కొమ్మలు ఆ లోటును తీరుస్తాయి. టెంపొరల్, దవడ అంచు శాఖలకు ఇటువంటి అనుసంధానాలు తక్కువ. అవి దెబ్బతింటే వైకల్యం స్పష్టంగా కనిపిస్తుంది.

ముఖంలోని పొరలు

శస్త్రవైద్యులు ముఖాన్ని పై నుండి లోపలికి ఐదు పొరలుగా పరిగణిస్తారు.

1. చర్మం.
2. చర్మం కింది కొవ్వు.
3. ఉపరితల కండర-పటల వ్యవస్థ. ఆంగ్ల నామంలోని మొదటి అక్షరాలతో దీనిని 'స్మాస్' అంటారు.
4. స్మాస్ కింది వదులైన పొర. దీనిలో అక్కడక్కడ లిగమెంట్లు అనే పట్టుబంధాలు ఉంటాయి.
5. లోతైన పటలం, ఎముకపై ఉండే పొర. చెక్కిలి ప్రాంతంలో ముఖనాడి శాఖలు ఈ లోతైన పటలం కింద మొదలై, ముందుకు పోయేకొద్దీ పైకి వస్తాయి.

స్మాస్ అనేది కండరాన్ని, పీచువంటి పటలాన్ని కలిపిన ఒక అవిచ్ఛిన్నమైన పొర. ఇది కిందివైపు ప్లాటిస్మా కండరంతోను, పైవైపు కణతలోని పటలంతోను కలిసి ఉంటుంది. ముందువైపు ముఖ కండరాలను కప్పి ఉంటుంది. పీచుపోగుల ద్వారా చర్మానికి అంటుకొని ఉండటం వలన కండరాల కదలికను చర్మానికి అందిస్తుంది. చెవి ముందు మందంగా ఉండి, ముక్కు వైపు పోయేకొద్దీ పలుచబడుతుంది.

లిగమెంట్లు చర్మాన్ని ఎముకకు లేదా లోతైన పటలానికి కట్టివేసే గుంజలవంటివి. చెంప ఎముక వద్ద, నమిలే కండరం ముందు అంచున, కింది దవడ ముందుభాగంలో ఇవి ప్రధానంగా ఉంటాయి. డేవిడ్ ఫర్నాస్ 1989లో చెక్కిలి లిగమెంట్లను వివరించాడు. వీటిని విడదీయకుండా స్మాస్‌ను లాగితే ఆ లాగుడు ముఖం మధ్యభాగానికి చేరదు. అయితే నాడీశాఖలు ఈ లిగమెంట్ల పక్కనుండే సాగుతాయి కనుక, విడదీయటంలో అధిక జాగ్రత్త అవసరం.

వయసుతో వచ్చే మార్పులు

ముఖం జారటానికి కండరాలు వదులు కావటం ఒక్కటే కారణమని పూర్వం భావించేవారు. ఇప్పుడు దీనిని అన్ని పొరలలో జరిగే మార్పుగా పరిగణిస్తున్నారు.

చర్మంలో కొల్లాజెన్, ఎలాస్టిన్ అనే మాంసకృత్తులు క్షీణిస్తాయి. ఎండ, పొగత్రాగటం ఈ క్షీణతను వేగవంతం చేస్తాయి. ముఖంలోని కొవ్వు ఒకే ముద్దగా కాక అరలు అరలుగా ఉంటుందని రోరిచ్, పెస్సా 2007లో తెలిపారు. వయసుతో కొన్ని అరలు కుంచించుకుపోతాయి, కొన్ని కిందికి జారినట్లు కనిపిస్తాయి. కంటిగుంట అంచులు, పై దవడ, కింది దవడ ఎముకలు కొంత అరుగుతాయి. ఆధారం తగ్గినందున పైనున్న మెత్తని భాగాలు కుంగుతాయి.

లిగమెంట్లు గట్టిగా పట్టి ఉన్నచోట చర్మం నిలుస్తుంది, వాటి మధ్యనున్న భాగం సంచిలా వేలాడుతుంది. దవడ అంచున ఏర్పడే వదులు బుగ్గకు ఇదే కారణం. ప్లాటిస్మా లోపలి అంచులు మెడ ముందు రెండు నిలువు తాళ్ళవలె పైకి కనిపిస్తాయి.

చరిత్ర

రక్తప్రసరణ తెగకుండా చర్మపు పలకను జరిపి మరొకచోట అమర్చే పద్ధతి భారతదేశంలో ప్రాచీనమైనది. చెక్కిలి చర్మంతో ముక్కును పునర్నిర్మించే విధానం సుశ్రుతసంహితలో ఉన్నది. నుదుటి చర్మంతో ముక్కును తయారుచేసే భారతీయ పద్ధతిని గురించి 1794లో లండన్‌లోని జెంటిల్మన్స్ మేగజీన్ ప్రచురించిన తరువాత ఐరోపా వైద్యులు దానిపై ఆసక్తి చూపారు. ఇవి ఫేస్‌లిఫ్ట్‌లు కాకపోయినా, చర్మపు పలకను సజీవంగా జరపటం అనే సూత్రం రెండింటికీ సమానమే.

ముడతలు తొలగించే శస్త్రచికిత్స 20వ శతాబ్ది ప్రారంభంలో మొదలయింది. బెర్లిన్‌కు చెందిన యూజెన్ హాలెండర్ 1901లో తొలి ఫేస్‌లిఫ్ట్ చేసినట్లు చెబుతారు. నాటి పద్ధతి చాలా సరళమైనది. చెవి ముందు, వెంట్రుకల అంచున కొద్దిపాటి చర్మాన్ని కోసి తీసి, మిగిలిన అంచులను కలిపి కుట్టేవారు. చర్మం సాగే గుణం కలది కనుక ఫలితం త్వరగా తగ్గిపోయేది. లాగుడంతా కుట్లపై పడటం వలన మచ్చలు వెడల్పయ్యేవి.

ఫ్రాన్సుకు చెందిన సుజాన్ నొయెల్ (1878-1954) ఈ రంగంలో ప్రముఖురాలు. మొదటి ప్రపంచయుద్ధంలో ముఖాలకు గాయాలైన సైనికులకు చికిత్స చేసిన ఈమె, సౌందర్య శస్త్రచికిత్సకు గల సామాజిక పాత్రను గురించి 1926లో గ్రంథం వ్రాసింది. వయసు కనిపిస్తున్నదన్న కారణంతో ఉపాధి కోల్పోయే స్త్రీలకు ఈ చికిత్స జీవనాధారం నిలుపుకొనే మార్గమని ఈమె వాదించింది.

స్వీడన్ వైద్యుడు టార్డ్ స్కూగ్ 1974లో చర్మాన్ని మాత్రమే కాక, దాని కింది పటలాన్ని ప్లాటిస్మాతో కలిపి ఎత్తే పద్ధతిని ప్రకటించాడు. 1976లో వ్లదిమీర్ మిట్జ్, మార్టీన్ పెరోనీ మృతదేహాల పరిశీలన ద్వారా ఈ పొర నిర్మాణాన్ని వర్ణించి స్మాస్ అనే పేరుతో ప్రచురించారు. ఫేస్‌లిఫ్ట్ చరిత్రను ఈ వ్యాసానికి ముందు, తరువాత అని విభజించవచ్చు. అప్పటినుండి బిగువును చర్మం కాక లోపలి పొర భరించటం మొదలయింది. 1990లో అమెరికా వైద్యుడు శామ్ హామ్రా లోతైన తలంలో చేసే 'డీప్ ప్లేన్' పద్ధతిని వివరించాడు.

శస్త్రచికిత్స విధానం

ఈ చికిత్సను పూర్తి మత్తులో గాని, స్థానికంగా తిమ్మిరి కలిగించి నిద్రమత్తు ఇచ్చి గాని చేస్తారు. రక్తస్రావాన్ని తగ్గించటానికి అడ్రినలిన్ కలిపిన మందును చర్మం కింద ఎక్కిస్తారు. కణత వద్ద మొదలైన కోత చెవి ముందుగా దిగి, చెవి తమ్మెను చుట్టి, చెవి వెనుక నుండి వెంట్రుకలలోకి పోతుంది. మచ్చ సహజమైన మడతలలో దాగేటట్లు చూస్తారు. పురుషులలో గడ్డం వెంట్రుకలున్న చర్మం చెవిలోకి జరగకుండా కోత స్థానాన్ని నిర్ణయిస్తారు.

చర్మాన్ని కింది కొవ్వుతో పాటు లేపిన తరువాత స్మాస్‌ను సవరించే పద్ధతులు ప్రధానంగా ఇవి:

* మడిచి కుట్టటం: స్మాస్‌ను కోయకుండా మడతపెట్టి కుడతారు. నాడికి ప్రమాదం తక్కువ.
* కొంత తీసి కుట్టటం: స్మాస్ నుండి ఏటవాలు పట్టీని తీసివేసి అంచులను కలుపుతారు.
* స్మాస్ పలక: స్మాస్‌ను విడిగా లేపి, లిగమెంట్లను విడదీసి, పైకి లాగి కుడతారు.
* డీప్ ప్లేన్: ముఖం ముందుభాగంలో చర్మాన్ని, స్మాస్‌ను విడదీయక ఒకే పలకగా లేపుతారు. జైగోమాటికస్ మేజర్ పైతలాన్ని గుర్తుగా పెట్టుకొని ముందుకు సాగుతారు. పలక మందంగా ఉండటం వలన చర్మానికి రక్తప్రసరణ బాగుంటుంది.

వీటిలో ఏ ఒక్కటీ అందరికీ ఉత్తమమని నిర్ధారణ కాలేదు. వైద్యుని అనుభవం, రోగి ముఖనిర్మాణం బట్టి పద్ధతిని ఎంచుకుంటారు. మెడ తాళ్ళకు గడ్డం కింద చిన్న కోత పెట్టి, ప్లాటిస్మా లోపలి అంచులను మధ్యలో కలిపి కుడతారు. చివరకు మిగులు చర్మాన్ని తీసివేసి, బిగువు లేకుండా కుట్లు వేస్తారు. వాపు, కమిలిన మచ్చలు చాలావరకు రెండు మూడు వారాలలో తగ్గుతాయి.

ప్రమాదాలు

చర్మం కింద రక్తం చేరటం ఈ చికిత్సలో తరచుగా కనిపించే సమస్య. అధిక రక్తపోటు ఉన్నవారిలోను, పురుషులలోను ఇది ఎక్కువ. దీనిని వెంటనే తొలగించకపోతే పైచర్మం చనిపోవచ్చు. పొగత్రాగేవారిలో చర్మపు రక్తనాళాలు కుంచించుకొని ఉంటాయి కనుక చెవి వెనుక చర్మం చనిపోయే ప్రమాదం హెచ్చు. అందుకే చికిత్సకు ముందు, తరువాత కొన్ని వారాలపాటు పొగత్రాగటం మానాలని వైద్యులు నిర్బంధిస్తారు.

అత్యధికంగా దెబ్బతినే నాడి ముఖనాడి కాదు, చెవికి స్పర్శజ్ఞానం ఇచ్చే గ్రేట్ ఆరిక్యులార్ నాడి. ఇది చెవి రంధ్రానికి సుమారు 6.5 సెంటీమీటర్ల దిగువన మెడ కండరాన్ని దాటుతుంది. ఇది తెగితే చెవి తమ్మె మొద్దుబారుతుంది.

ముఖనాడి శాఖలకు శాశ్వత హాని కలగటం అరుదు. కాని కలిగితే దాని పర్యవసానం తీవ్రం:

* టెంపొరల్ శాఖ: ఆ వైపు కనుబొమ జారుతుంది, నుదురు ముడుచుకోదు. ఈ శాఖ చెంప ఎముక కమానును దాటేచోట చాలా పైపైన ఉంటుంది. చెవి ముందున్న ట్రేగస్‌కు 0.5 సెంటీమీటరు దిగువ నుండి, కనుబొమ చివరకు 1.5 సెంటీమీటర్ల పైకి గీసిన గీత దీని మార్గమని పిటాంగీ, రామోస్ 1966లో చూపారు.
* జైగోమాటిక్ శాఖ: కన్ను పూర్తిగా మూతపడదు. కంటి నల్లగుడ్డు ఎండి పుండు పడవచ్చు.
* బక్కల్ శాఖ: నవ్వు ఒకవైపు వంకర అవుతుంది. చాలావరకు తిరిగి కోలుకుంటుంది.
* దవడ అంచు శాఖ: నవ్వినప్పుడు ఆ వైపు కింది పెదవి దిగదు. ముఖధమనికి వెనుకవైపు ఈ శాఖ 81 శాతం మందిలో దవడ అంచుకు పైన, 19 శాతం మందిలో కింద ఉన్నట్లు డింగ్‌మన్, గ్రాబ్ 1962లో తెలిపారు.

తాత్కాలికంగా మందు ప్రభావం వలన గాని, వాపు వలన గాని కలిగే బలహీనత కొన్ని గంటల నుండి కొన్ని నెలలలో పోతుంది.

పరిమితులు, అపోహలు

ఫేస్‌లిఫ్ట్ వార్ధక్యాన్ని ఆపదు. చికిత్స తరువాత కూడా ముఖానికి వయసు పెరుగుతూనే ఉంటుంది. నుదుటి ముడతలు, పెదవుల చుట్టూ ఉండే సన్నని గీతలు, ఎండకు కమిలిన చర్మం దీనితో బాగుపడవు. బొమల మధ్య ముడతలు కండర సంకోచం వలన కలిగేవి కనుక వాటికి బొటులినం టాక్సిన్ సూదిమందు వాడతారు. ఇది నాడి నుండి కండరానికి అందే సంకేతాన్ని కొన్ని నెలలపాటు అడ్డుకుంటుంది. కెనడాకు చెందిన కరుథర్స్ దంపతులు 1992లో ఈ ప్రయోజనాన్ని ప్రకటించగా, 2002లో అమెరికా ప్రభుత్వం ఆమోదించింది.

నవ్వటానికి ఇన్ని కండరాలు, కోపగించుకోవటానికి అన్ని కండరాలు కావాలని ప్రచారంలో ఉన్న లెక్కలకు శాస్త్రీయ ఆధారం లేదు. ముఖ వ్యాయామాల విషయంలో 2018లో అమెరికాలో ఒక చిన్న అధ్యయనం వెలువడింది. 20 వారాల వ్యాయామం తరువాత చెక్కిళ్ళ నిండుదనం కొంత పెరిగినట్లు అందులో కనిపించింది. కాని దానిని పూర్తిచేసినవారు 16 మంది మాత్రమే. వ్యాయామం చేయనివారితో పోల్చిచూడటం కూడా జరగలేదు.

ఇతర చికిత్సలలో ఉపయోగం

సౌందర్యం కొరకు సాగిన ఈ పరిశోధన రోగచికిత్సకు కూడా తోడ్పడింది. పెరోటిడ్ గ్రంథిలోని కణితిని తొలగించేటప్పుడు ఫేస్‌లిఫ్ట్ తరహా కోత పెట్టి మచ్చను దాచవచ్చు. స్మాస్ పొరను అడ్డుగా వేసి, భోజన సమయంలో చెంపపై చెమటపట్టే ఫ్రే లక్షణ సముదాయాన్ని కొంతవరకు నివారించవచ్చు. మానని ముఖ పక్షవాతంలో జారిన చెంపను పైకి నిలపటానికి ఇవే పద్ధతులు ఉపకరిస్తాయి.

కుష్ఠువ్యాధిలో ముఖనాడి శాఖలు దెబ్బతిని కన్ను మూతపడనివారికి, కణతలో ఉండే నమిలే కండరం నుండి ఒక పట్టీని కనురెప్పలకు అమర్చే శస్త్రచికిత్స కలదు. ఆ కండరం ఐదవ కపాలనాడి అధీనంలో ఉండటం వలన చెడకుండా మిగులుతుంది. రోగి పళ్ళు బిగిస్తే కన్ను మూతపడుతుంది. 2005 నవంబరులో ఫ్రాన్సులోని ఆమియాఁ నగరంలో జరిగిన తొలి పాక్షిక ముఖమార్పిడి చికిత్సలో కూడా చర్మంతోపాటు కండరాలు, నాడులు అతికించారు.

ఇవి కూడా చూడండి

* కండరం
* కపాల నాడులు
* ముఖ పక్షవాతం
* ప్లాస్టిక్ సర్జరీ
* సుశ్రుతుడు